4.3 ప్రదర్శన స్థలం మారినప్పుడు నాటకాన్ని మలచుకోవడం

ఒకే నాటకాన్ని వేర్వేరు స్థలాల్లో ఆడవలసి వచ్చినప్పుడు ఏది మార్చాలో, ఏది మార్చకూడదో ఈ భాగంలో తెలుసుకుందాం.

4.3.1 మూడు పద్ధతులు

తెలుగు నాటకరంగంలో ఈ సమస్యకు మూడు పరిష్కారాలు కనిపిస్తాయి.

మొదటిది, దొరికిన స్థలాన్ని వాడుకోవడం. ధవళేశ్వరంలో ఉపాధ్యాయుడిగా పనిచేసి, 1874లో అక్కడ బాలికల పాఠశాల ప్రారంభించిన కందుకూరి వీరేశలింగం, 1880లో రాజమహేంద్రవరంలో విద్యార్థులచేత నాటకాలు ఆడించారు. ధార్వాడ నాటక సమాజంవారు వేసి, విడిచివెళ్లిన పాకలే ఆయనకు నాటకశాల అయ్యాయి.

రెండోది, స్థలాన్నే వెంట తీసుకువెళ్లడం. 1885లో కడప ప్రాంతంలోని సురభి గ్రామంలో మొదలైన సురభి నాటక సమాజాలు రంగులు వేసిన తెరలు, రంగాలంకరణ సామగ్రితో ఊరూరా తిరిగాయి. కాబట్టి ఊరు మారినా వేదిక పెద్దగా మారదు.

మూడోది, స్థలంపై ఆధారపడకపోవడం. వీధినాటకంలో ఇద్దరు పట్టుకున్న తెరే ప్రవేశద్వారం. తానెవరో పాత్ర ప్రవేశ దరువులోనే తెలుస్తుంది.

4.3.2 ఉదాహరణ

రాజమహేంద్రవరంలోని ఆనం కళాకేంద్రంలో ఆడిన హరిశ్చంద్ర నాటకాన్ని మీ బృందం ధవళేశ్వరంలో, జనార్దనస్వామి కొండ దిగువన, ఆరుబయట ఆడాలనుకోండి. కాటిసీను తీసుకుందాం. చంద్రమతి మెడలోని మంగళసూత్రం భర్తకు తప్ప ఇతరులకు కనిపించదు. అది కనిపించగానే హరిశ్చంద్రుడు ఆమెను గుర్తుపడతాడు. నాటకానికి ఇది ఆయువుపట్టు.

కళాకేంద్రంలో ప్రేక్షకులు ఒకే వైపు ఉంటారు. దీపాలన్నీ తగ్గించి, నటుడి ముఖంపై వెలుగు నిలిపితే చాలు. ఆరుబయట ప్రేక్షకులు మూడు వైపులా కూర్చుంటారు, వీధిదీపాలు ఆర్పలేము, గోదావరి గాలికి మాట చెదిరిపోతుంది. అందుచేత ఈ మార్పులు అవసరం:

1. నటులిద్దరూ ఎదురెదురుగా కాక ఏటవాలుగా నిలబడాలి. అప్పుడు మూడు వైపుల వారికీ కనీసం ఒకరి ముఖమైనా కనిపిస్తుంది.
2. వెలుగు చేయవలసిన పని మౌనం చేయాలి. నటుడు పద్యానికి ముందు ఒక్క క్షణం ఆగాలి. హార్మోనియం కూడా ఆగాలి.
3. పద్యంలో రాగాలాపన తగ్గించి, పదాలు విడివిడిగా వినిపించాలి. మైకు ఉన్నా ఇది తప్పదు.
4. కాటి దృశ్యమంతా చూపే తెర గాలికి నిలవదు. ఒక కర్ర, ఒక కుండ చాలు.

ఇక్కడ నిలబడే తీరు, వెలుగు, రంగాలంకరణ మారాయి. గుర్తుపట్టే క్షణం మాత్రం మారలేదు. వెనుక వరుసలోని ప్రేక్షకుడికి ఆ క్షణం అందకపోతే, సీను ఎంత బాగా పాడినా విఫలమైనట్లే.

గమనిక: కొత్త స్థలంలో ముందురోజే ఒక పద్యం పాడించి, చివరి వరుసలో కూర్చుని వినండి.

అభ్యాసం

మీ ఊరి బడి ఆవరణలో మీకు తెలిసిన నాటకంలోని ఒక దృశ్యాన్ని ఆడాలంటే ఏయే మార్పులు చేస్తారు? మార్చకూడనిది ఏది? పది వాక్యాల్లో రాయండి.