అడగలేని ప్రశ్నలకు తోటి రోగి జవాబు

అరవై దాటిన మగవాడు రాత్రి నాలుగుసార్లు లేచి మూత్రానికి వెళుతుంటే మన ఇళ్లలో దానిని వయసుకో, చక్కెర వ్యాధికో కట్టబెట్టి ఊరుకుంటారు. తహజ్జుద్‌కు లేస్తున్నాడేమోనని ఇంటివారు అనుకునే సందర్భాలూ లేకపోలేదు. ఆ వయసులో ఇలా కావడానికి ఎక్కువగా కారణం ప్రోస్టేట్ గ్రంథి సహజంగా పెరగడమే, క్యాన్సర్ కాదు. అయినా కొందరి విషయంలో రక్తంలో పీఎస్ఏ పరీక్ష, ఆ తరువాత ముక్క పరీక్ష జరిగి క్యాన్సర్ అని తేలుతుంది. అప్పుడు డాక్టరు రెండు మూడు మార్గాలు చెప్పి ఏదో ఒకటి ఎంచుకోమంటాడు. శస్త్రచికిత్స, రేడియేషన్, లేదా కొంతకాలం గమనిస్తూ ఉండటం.

ఆ గదిలో రోగి పక్కన సాధారణంగా కొడుకు కూర్చుని ఉంటాడు. మందుల పేర్లు రాసుకునేదీ, డాక్టరుతో మాట్లాడేదీ అతడే. తండ్రికి నిజంగా అడగాలని ఉన్న ప్రశ్నలు వేరు. మూత్రం ఆపుకోగలనా? బట్టలు తడిస్తే నమాజు సంగతేమిటి? భార్యాభర్తల సంబంధం మిగులుతుందా? కొడుకు ఎదుట ఈ మాటలు నోట రావు. డాక్టరుకు తీరిక ఉన్నా రోగికి ధైర్యం చాలదు. నిర్ణయం మాత్రం ఆ వారంలోనే జరిగిపోతుంది.

ఈ మౌనాన్ని ఛేదించడానికి అమెరికాలో రోగులే ఒక మార్గం కనుగొన్నారు. ప్రోటాన్ చికిత్స చేయించుకున్న ప్రోస్టేట్ రోగుల స్వచ్ఛంద సంఘం ఒకటి అక్కడ 2000 నుంచి పనిచేస్తున్నది. దాని పేరు బ్రదర్‌హుడ్ ఆఫ్ ది బెలూన్, అంటే బుడగ సోదర బృందం. ఆ పేరు వెనుక ఉన్న కథ తెలియాలంటే ముందు చికిత్సను గురించి కొంత చెప్పుకోవాలి.

సాధారణ రేడియేషన్‌లో ఎక్స్ కిరణాలు శరీరం గుండా దూసుకుపోతాయి. దారిలోని కణాల మీదా, క్యాన్సర్ మీదా, దానిని దాటి అవతలి భాగం మీదా వాటి ప్రభావం పడుతుంది. ప్రోటాన్ స్వభావం వేరు. అది శరీరంలో కొంత లోతుకు పోయి, ఆగిపోయే ముందు తన శక్తిలో అధిక భాగాన్ని అక్కడ విడిచిపెడుతుంది. ఆ బిందువును దాటి దాదాపు ఏమీ పోదు. ఈ గుణాన్ని వైద్యానికి వాడవచ్చునని 1946లోనే రాబర్ట్ విల్సన్ అనే అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త ప్రతిపాదించాడు. 1954లో బర్క్‌లీ ప్రయోగశాలలో మొదటిసారి మనుషుల మీద ప్రయోగించారు. ఆ తరువాత చాలా కాలం ఈ చికిత్స భౌతిక శాస్త్ర ప్రయోగశాలలకే పరిమితమైంది. శాస్త్రవేత్తల ప్రయోగాలకు తీరిక దొరికినప్పుడు రోగుల వంతు వచ్చేది. ఆసుపత్రిలోనే, రోగుల కోసమే ప్రోటాన్ యంత్రాన్ని నెలకొల్పిన ఘనత దక్షిణ కాలిఫోర్నియాలోని లోమా లిండా విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానిది. జేమ్స్ స్లేటర్ అనే వైద్యుని పట్టుదలతో, షికాగో సమీపంలోని ఫెర్మీ ప్రయోగశాల సహకారంతో అది తయారైంది. 1990లో అక్కడ చికిత్స మొదలైంది.

ప్రోస్టేట్ గ్రంథి మూత్రాశయానికి దిగువన, మలాశయానికి ముందు వైపు ఉంటుంది. మలాశయంలో వాయువు కదిలితే చాలు, గ్రంథి కొన్ని మిల్లీమీటర్లు జరుగుతుంది. గురి అంత కచ్చితంగా ఉండవలసిన చోట ఆ కదలిక చిన్నది కాదు. అందుచేత లోమా లిండాలో ప్రతి రోజూ చికిత్సకు ముందు మలాశయంలోకి ఒక చిన్న రబ్బరు బుడగను పంపి నీటితో నింపేవారు. గ్రంథి కదలకుండా నిలిచేది, మలాశయపు వెనుక గోడ కిరణాలకు దూరంగా జరిగేది. వారానికి ఐదు రోజుల చొప్పున ఇంచుమించు తొమ్మిది వారాలు ఇదే వరస. గౌరవంగా బ్రతికిన పెద్దమనుషులు, ఉద్యోగాలలో పదిమంది మీద అధికారం చెలాయించినవారు రోజూ ఆ బల్ల మీద ఒత్తిగిలి పడుకోవలసి వచ్చేది. తాము ఎవరికీ చెప్పుకోలేని ఆ బుడగనే వారు తమ సంఘానికి పేరుగా పెట్టుకున్నారు. వినగానే నవ్వు వచ్చే పేరు అది. ఆ నవ్వుతోనే సగం సిగ్గు పోయేదని వేరే చెప్పనక్కరలేదు.

దూరప్రాంతాల నుంచి వచ్చినవారు భార్యలతో సహా ఆ రెండు నెలలు ఆసుపత్రి సమీపంలో ఇళ్లు అద్దెకు తీసుకుని ఉండేవారు. చికిత్స రోజుకు కొద్ది సేపే, మిగిలిన పగలంతా ఖాళీ. వారానికి ఒక సాయంకాలం ఆసుపత్రిలో రోగులు, వారి భార్యలు కలుసుకునేవారు. చికిత్స ముగించుకుని వెళ్లిపోతున్నవాడు తన అనుభవం చెప్పేవాడు, నిన్ననే వచ్చినవాడు వినేవాడు. బృందానికి పునాది అక్కడ పడింది. దానిని స్థాపించిన రాబర్ట్ మార్కీనీ కూడా అక్కడ చికిత్స పొందినవాడే. 2000లో తనకు క్యాన్సర్ అని తెలిసినప్పుడు అతడు వైద్యులతో పాటు వేర్వేరు చికిత్సలు చేయించుకున్న రోగులను కూడా వెతికి పట్టుకుని, వారి అనుభవాలు అడిగి తెలుసుకున్నాడు. తరువాత ఆ అన్వేషణనంతా ఒక పుస్తకంగా రాశాడు.

బృందం చేసే పని వివరిస్తే చాలా చిన్నదిగా కనిపిస్తుంది. చికిత్స పూర్తయినవారిలో ఇతరులతో మాట్లాడటానికి ఒప్పుకున్నవారి జాబితా ఒకటి ఉంటుంది. కొత్తగా రోగం బయటపడినవాడు అందులో తన వయసుకు, తన స్థితికి దగ్గరగా ఉన్నవారిని ఎన్నుకుని ఫోను చేయవచ్చు. నెలనెలా సభ్యులకు ఒక వార్తాలేఖ వెళుతుంది. బీమా సంస్థ డబ్బు ఇవ్వనన్నప్పుడు అప్పీలు ఎలా రాయాలో ఆ దారిన పోయి వచ్చినవాడు చెబుతాడు. ఇందుకు రుసుము లేదు. నేడు వేలాది మంది, అనేక దేశాలవారు అందులో సభ్యులు. ఒక చిన్న ఫోను సంభాషణ కోసం ఇంతమంది చేరారంటే, ఆ సంభాషణ వారికి మరెక్కడా దొరకలేదన్నమాట.

నిజానికి ఈ పద్ధతిని మగవారికి నేర్పింది ఆడవారే. 1952లో న్యూయార్క్‌లో టెరీజ్ లాసర్ అనే మహిళకు రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్స జరిగింది. ఆపరేషన్ తరువాత చెయ్యి ఎలా కదిలించాలి, బట్టలు ఎలా వేసుకోవాలి, భర్తకు ఎలా చెప్పాలి అని ఆమెకు చెప్పినవారు లేరు. కోలుకున్నాక ఆమె అదే ఆపరేషన్ జరిగిన స్త్రీల పడకల దగ్గరకు స్వయంగా వెళ్లి ఆ మాటలు చెప్పసాగింది. కొందరు సర్జన్లకు ఇది నచ్చలేదు. అయినా ఆ సేవ నిలిచింది, విస్తరించింది. 1969లో అమెరికన్ క్యాన్సర్ సొసైటీ దానిని తనలో చేర్చుకున్నది. మగవారు ఇదే పని మొదలుపెట్టడానికి దశాబ్దాలు పట్టింది. మగవాడి బిడియం స్త్రీ బిడియం కన్నా మొండిదని ఈ కాలవ్యవధిని చూస్తే అనిపిస్తుంది.

ఇంత మెచ్చుకున్న తరువాత ఒక జాగ్రత్త కూడా చెప్పుకోవాలి. సాక్షి తాను కళ్లారా చూసినదానికే సాక్ష్యం చెప్పగలడు, చూడనిదానికి కాదు. ఈ నియమం మనకు కొత్తది కాదు. ప్రోటాన్ చికిత్స పొందిన రోగి తన నొప్పిని, తన దినచర్యను, తన భయాన్ని గురించి చెప్పే మాటకు విలువ ఉన్నది. కాని “మిగిలిన చికిత్సలకన్నా ఇదే గొప్పది” అని అతడు అన్నప్పుడు తాను చేయించుకోని చికిత్సల మీద తీర్పు చెబుతున్నాడు. పైగా సంఘంలో చేరి ఉత్సాహంగా ఫోనులు ఎత్తేవారు బాగుపడినవారే. నిరాశ చెందినవారు అంతగా ముందుకు రారు. బుడగ బృందం సభ్యులు లోమా లిండాలో ప్రోటాన్ పరిశోధనకు విరాళాలు కూడా ఇచ్చారు. అది సత్కార్యమే, సందేహం లేదు. అయితే ఒక చికిత్సను ప్రేమించేవారి నోట ఆ చికిత్స ప్రశంసను ఆ ఎరుకతోనే వినాలి.

శాస్త్రం ఏమంటున్నది? మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి నాయకత్వంలో జరిగిన ఒక పరిశోధనలో 450 మంది ప్రోస్టేట్ రోగులను లాటరీ పద్ధతిన రెండు భాగాలు చేసి, కొందరికి ప్రోటాన్, కొందరికి ఆధునిక ఎక్స్‌రే రేడియేషన్ ఇచ్చారు. ఫలితాలు 2024లో వెల్లడించారు. మలాశయ ఇబ్బందులలో, మూత్ర సమస్యలలో, లైంగిక శక్తిలో, క్యాన్సర్ అదుపులో రెండింటికీ చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. రెండు వైపులా రోగులు బాగానే ఉన్నారు. దీని అర్థం ప్రోటాన్ పనికిరాదని కాదు. పిల్లల కణితులకు, కంటి క్యాన్సర్‌కు, పుర్రె అడుగు భాగంలోని కణితులకు దాని మేలు వేరు. మామూలు ప్రోస్టేట్ క్యాన్సర్‌లో మాత్రం, “ప్రోటాన్ దొరకకపోతే బ్రతుకు పోయినట్లే” అని పొలం అమ్మడానికి సిద్ధపడనక్కరలేదు.

ఈ మాట మన ప్రాంతానికి ఎందుకు అవసరమంటే, ఆ యంత్రం ఇప్పుడు మనకు దూరంలో లేదు. 2019 జనవరిలో చెన్నైలో అపోలో ప్రోటాన్ క్యాన్సర్ కేంద్రం ప్రారంభమైంది. అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్య నాయుడు దానిని ప్రారంభించారు. ముంబయి దగ్గర ఖార్ఘర్‌లో టాటా స్మారక సంస్థ కూడా ఈ చికిత్స అందిస్తున్నది. నెల్లూరు నుంచి చెన్నైకి రైలులో కొన్ని గంటల ప్రయాణమే. అయితే ప్రోటాన్ ఖర్చు సాధారణ రేడియేషన్ కన్నా కొన్ని రెట్లు ఎక్కువ. బీమా ఎంతవరకు భరిస్తుందో చికిత్సకు ముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి. బయలుదేరక మునుపు, మామూలు రేడియేషన్‌తో పోలిస్తే నా విషయంలో దీనివల్ల అదనంగా ఏమి ఒరుగుతుందని రేడియేషన్ వైద్యుని సూటిగా అడగాలి.

అంతకన్నా ముందు మరొక ప్రశ్న ఉన్నది. అసలు వెంటనే చికిత్స అవసరమా? బ్రిటన్‌లో 1,643 మందిపై జరిగిన సుదీర్ఘ పరిశోధనలో కొందరికి శస్త్రచికిత్స, కొందరికి రేడియేషన్ చేసి, కొందరిని చికిత్స లేకుండా క్రమం తప్పని పరీక్షలతో గమనించారు. వీరందరిలో క్యాన్సర్ గ్రంథిని దాటనిదే. సుమారు పదిహేనేళ్ల తరువాత, 2023లో ప్రకటించిన లెక్క ప్రకారం ప్రోస్టేట్ క్యాన్సర్‌తో మరణించినవారు 45 మంది, అంటే నూటికి ముగ్గురు కూడా లేరు. మూడు వర్గాల మధ్య ఇందులో పెద్ద తేడా లేదు. అయితే గమనింపులో ఉంచినవారిలో రోగం ఇతర అవయవాలకు పాకినవారి సంఖ్య మిగిలిన రెండు వర్గాలకు దాదాపు రెట్టింపు. కనుక ఎవరికి ఏది తగునో వైద్యుడే చెప్పాలి. కాని నిర్ణయానికి కొన్ని వారాల వ్యవధి తీసుకున్నంత మాత్రాన చాలామందికి ప్రమాదం లేదు. ఆ వ్యవధిలోనే తోటి రోగితో మాట్లాడాలి.

ముస్లిం రోగి తోటి ముస్లిం రోగిని అడగవలసిన విషయాలు కొన్ని అమెరికా జాబితాలలో ఉండవు. ప్రోస్టేట్ శస్త్రచికిత్స తరువాత కొంతకాలం, కొందరికి శాశ్వతంగా, మూత్రం చుక్కలు చుక్కలుగా కారుతుంది. ఈ కారణంగా మసీదు మానుకుని, చివరికి నమాజే వదిలేసిన పెద్దలు ఉన్నారు. అటువంటివారికి ధర్మశాస్త్రంలో సడలింపు ఉన్నది. నిరంతరం మూత్రం కారే వ్యక్తిని హనఫీ పండితులు మాజూర్‌గా పరిగణిస్తారు. అతడు ప్రతి నమాజు వేళకూ ఒకసారి వుజూ చేసుకుంటే, ఆ వేళ ముగిసేదాకా కేవలం ఆ కారణంగా వుజూ భంగం కాదు. ఎవరు ఈ కోవలోకి వస్తారో, షరతులేమిటో దగ్గరలోని ఆలిమ్‌ను అడిగి తెలుసుకోవాలి. రేడియేషన్ విషయంలో మరొక సంగతి. చాలాచోట్ల ప్రతి రోజూ చికిత్సకు ముందు కొలత ప్రకారం నీరు తాగి మూత్రాశయాన్ని నింపుకోమంటారు. రమజాన్‌లో ఆ వరస వస్తే, రోజా కోసం నీరు మానడం చికిత్స గురిని తప్పిస్తుంది. వ్యాధిగ్రస్తునికి రోజా తరువాత పూర్తి చేసుకునే వెసులుబాటు ఉండనే ఉన్నది.

రోగిని పరామర్శించడానికి మనవాళ్లు పళ్లు పట్టుకుని గుంపుగా వెళతారు. పది నిమిషాలు కూర్చుని దువా చేసి వస్తారు. అది పుణ్యమే. అయితే ఈ జబ్బు నుంచి బయటపడినవాడు ఒంటరిగా వెళ్లి, తలుపు దగ్గరకు వేసి, “భాయ్, నాకూ ఇదే అయింది, ఏది కావాలంటే అది అడగండి” అంటే, ఆ పరామర్శ బరువే వేరు. ఒక పట్టణంలో అలాంటివారు ముగ్గురు దొరికినా చాలు. ఇమామ్ దగ్గరో, క్యాన్సర్ వైద్యుని దగ్గరో వారి ఫోను నంబర్లు ఉంటే, పేర్లు బయటపెట్టకుండానే పని జరుగుతుంది. విన్నది అమానత్‌గా దాచుకోగలిగినవారై ఉండాలి. ఫలానా ఆసుపత్రికే వెళ్లమని ఒత్తిడి చేయనివారై ఉండాలి. లోమా లిండా సాయంకాలాలలో భార్యలు కూడా కూర్చునేవారని పైన చెప్పుకున్నాం. ఇక్కడా రోగి భార్యతో మాట్లాడటానికి ఒక స్త్రీ అవసరం. ఆమె భయాలు వేరు, ఆమెను అడిగేవారు మరీ తక్కువ.

తండ్రికో అన్నకో ప్రోస్టేట్ క్యాన్సర్ వచ్చినవారికి అది వచ్చే అవకాశం ఇతరులకన్నా సుమారు రెట్టింపు. అటువంటివారు నలభై అయిదేళ్ల వయసు నుంచే పీఎస్ఏ పరీక్ష విషయం డాక్టరుతో మాట్లాడటం మంచిదని చాలామంది నిపుణుల సలహా. డాక్టరు అప్పుడు మొదట అడిగేది ఇంట్లో ఎవరికైనా ఉన్నదా అనే. తండ్రి దానిని ఇన్నాళ్లూ “మూత్రంలో ఇన్ఫెక్షన్” అని చెప్పి ఉంటే కొడుకు లేదనే జవాబిస్తాడు.