షియాన్‌లో ఒక రోజు: రాతిమీద సిలువ, గిన్నెలో రొట్టె

చైనా అనగానే మనకు గోడ, పట్టు, నూడుల్స్ గుర్తుకొస్తాయి. ఈ మూడింటితోనూ సంబంధమున్న ఊరు షియాన్. పూర్వం దీని పేరు చాంగాన్. పట్టు వర్తకుల ఒంటెలు పడమటి దేశాలకు ఇక్కడి నుండే బయలుదేరేవి. రండి, ఒక్కరోజు ఆ ఊరు చూసి, అక్కడి తిండి రుచి చూసి వద్దాం.

ఉదయం నగర ప్రాకారంతో మొదలుపెడదాం. ఇది అందరూ ఎరిగిన మహాకుడ్యం కాదు. 1370ల దశకంలో మింగ్ చక్రవర్తుల కాలంలో ఊరి చుట్టూ కట్టిన కోటగోడ. ఎత్తు 12 మీటర్లు, చుట్టుకొలత సుమారు 14 కిలోమీటర్లు. పైన నాలుగు ఎడ్లబండ్లు పక్కపక్కన నడిచేంత వెడల్పు ఉంది. అద్దె సైకిలు తీసుకుని గోడమీదనే ఊరంతా చుట్టి రావచ్చు.

దక్షిణ ద్వారానికి దగ్గరలో, గోడ లోపలివైపున, శిలాశాసనాల ప్రదర్శనశాల ఉంది. అక్కడ వందలాది రాళ్ల మధ్య ఒక రాయి మనల్ని నిలబెట్టేస్తుంది. తాబేలు ఆకారపు పీఠంమీద తొమ్మిది అడుగులకు పైగా ఎత్తున నిలిచిన ఆ రాతి శిరస్సున ఒక చిన్న సిలువ చెక్కి ఉంది! దానిని 781లో నిలిపారు. అలోపెన్ అనే బోధకుడు 635లో ఇక్కడికి వచ్చాడనీ, చక్రవర్తి ఆయనను ఆదరించి, 638లో బోధించడానికి అనుమతి ఇచ్చాడనీ అందులో రాసి ఉంది. చైనా అక్షరాలతోపాటు సిరియా భాషలో సంఘ సేవకుల పేర్లు కూడా ఉన్నాయి. అయితే 845లో మరో చక్రవర్తి పరదేశ మతాలను అణచివేశాడు. ఆ సంఘం క్షీణించింది, ఆ రాయి మట్టిలో కలిసిపోయింది. మళ్లీ 1620ల దశకంలో గానీ వెలుగు చూడలేదు.

మధ్యాహ్నానికి ఆకలి వేస్తుంది. ఇక్కడి పేరుపొందిన భోజనం 'యాంగ్‌రౌ పావ్‌మో', అంటే మేకమాంసం పులుసులో నానిన రొట్టె. హోటలువారు మొదట ఖాళీ గిన్నె, గట్టి రొట్టె మన ముందు పెట్టి వెళ్లిపోతారు. ఆ రొట్టెను శనగగింజలంత ముక్కలుగా మనమే తుంచాలి. పెద్ద ముక్కలు చేస్తే పులుసు లోపలికి పట్టదు. తొందరపడితే రుచి చెడుతుంది. అందుకే బల్ల చుట్టూ కూర్చున్నవారు కబుర్లు చెప్పుకుంటూ నిదానంగా తుంచుతారు. తరువాత గిన్నె వంటగదికి వెళ్లి, మాంసం, సన్నని సేమ్యా చేరి, ఆవిర్లు కక్కుతూ తిరిగి వస్తుంది. పక్కన ఊరవేసిన తియ్యని వెల్లుల్లి, మిరపకాయ ముద్ద.

భోజనమయ్యాక ఏడంతస్తుల పెద్ద అడవిబాతు గోపురం చూద్దాం. దీనికి మన తెలుగు నేలతో బంధుత్వం ఉంది. మన పాఠాల్లో చదువుకున్న హుయాన్ త్సాంగ్, అమరావతి ప్రాంతమైన ధాన్యకటకానికి వచ్చిన యాత్రికుడే. 645లో స్వదేశం చేరినప్పుడు 657 గ్రంథాలు వెంట తెచ్చాడు. వాటిని భద్రపరచడానికి 652లో ఈ గోపురం కట్టారు. అలోపెన్‌ను ఆదరించిన చక్రవర్తే ఈయననూ ఆదరించాడు.

సాయంకాలం గంట గోపురం, నగారా గోపురం దీపాలతో వెలుగుతాయి. వాటి వెనుకనున్న ముస్లిం వీధుల్లో కాలు పెట్టగానే జీలకర్ర వాసన మనల్ని పలకరిస్తుంది. రొట్టె మధ్య మాంసం కూరిన 'రౌజ్యామో', పెర్సిమన్ పండు గుజ్జుతో వేయించిన తీపి అట్లు, నడుముకు కట్టే బెల్టంత వెడల్పైన 'బియాంగ్ బియాంగ్' నూడుల్స్ అక్కడ దొరుకుతాయి. ఆ నూడుల్స్ పేరులోని అక్షరానికి పాత లిపిలో 50కి పైగా గీతలు గీయాలట! అక్కడి పెద్ద మసీదుకు గుమ్మటం లేదు. చైనా ఇళ్లవలె పెంకుల కప్పే ఉంది.

మట్టి సైనికులను చూడాలంటే మరొక రోజు కావాలి. 1974లో నీళ్లకోసం బావి తవ్వుతున్న రైతులకు అవి కనబడ్డాయి. తన సమాధికి కాపలాగా వేలాది సైనికులను నిలుపుకున్న ఆ చక్రవర్తి పోయిన నాలుగేళ్లు తిరక్కుండానే ఆయన వంశపు రాజ్యం కూలిపోయింది. ఈనాటికీ ఆ ఊళ్లో నిలిచి ఉన్నది మాత్రం నలుగురు కూర్చుని, ఓపికగా రొట్టె తుంచుకునే అలవాటు. మన ఇళ్లలోనూ రాత్రి భోజనానికి అందరూ ఒకచోట కూర్చుని, తొందరలేకుండా నాలుగు మాటలు చెప్పుకుంటే, షియాన్ వెళ్లకపోయినా ఆ రుచి మనకు దక్కుతుంది.