గాలివాన వెలిసాక పంటనష్టం లెక్క కట్టడం



మన కోస్తా జిల్లాల్లో అక్టోబరు, నవంబరు, డిసెంబరు అంటే పంట చేతికొచ్చే నెలలు. తుపానులు వచ్చే నెలలూ అవే. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచింది. 1996 నవంబరు 6న కోనసీమ కొబ్బరితోటలు నేలకూలాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానం మీద పడింది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటేనాటికి కృష్ణా డెల్టాలో వరి కొంత కోతకు సిద్ధంగా వుంది, కొంత పనల మీద వుంది, కొంత కళ్లాల్లో వుంది.

గాలివాన వెలిసాక ఊళ్లో మొదట వినబడే మాట “అంతా పోయింది” అని. నాలుగు రోజులు పోయాక వినబడేది “ఏమైనా ఇస్తారంటావా?” అని. ఈ రెండు మాటలకూ మధ్య ఒక లెక్క వుండాలి. అది లేకపోతే మనకు పోయిందెంతో మనకే తెలియదు, ఎదుటివారికి చెప్పలేం. ఆ లెక్క ఎట్లా కట్టుకోవాలో ఇప్పుడు చూద్దాం.

ముందుగా ఒక తేడా గమనించాలి. విరిగినది, కూలినది, కొట్టుకుపోయినది దెబ్బ. ఆ దెబ్బవల్ల మనకు రావలసిన రాబడిలో రాకుండాపోయినదీ, అదనంగా మీదపడిన ఖర్చూ నష్టం. మోటారు నీటమునిగి కాలిపోతే అది దెబ్బ. మోటారు బాగయ్యేలోగా తడి అందక మిరపతోట ఎండితే అది నష్టం. ఐక్యరాజ్య సమితికి చెందిన లాటిన్ అమెరికా ఆర్థిక సంఘం 1970 దశకం నుంచి భూకంపాలకూ తుపానులకూ ఈ రెంటినీ వేరువేరు పద్దులుగా రాసే పద్ధతిని పెంచుతూ వచ్చింది. మన రైతుకు పేరు తెలియకపోయినా సంగతి తెలిసిందే. కొట్టం కూలిన ఖర్చు వేరు, కొట్టం లేక ఎద్దు జబ్బుపడి దున్నకం ఆగిన ఖర్చు వేరు గదా!

ఇక పంట సంగతి. పూర్వం మన తాలూకాల్లో పంటను అణాల్లో చెప్పేవారు. పదహారణాల పంట అంటే నిండు పంట, ఎనిమిదణాలంటే సగం. గట్టుమీద నిలబడి, చేనంతా ఒకసారి చూసి, “పదణాలు” అనేవారు. అనుభవజ్ఞుడి కన్ను మంచిదే కాని, ఆ కన్ను వెనక ఒక మనసు కూడా వుంటుంది. పన్ను వసూలు చేయవలసినవాడి కన్నుకు పంట ఎక్కువగా కనిపిస్తుంది, కట్టవలసినవాడి కన్నుకు తక్కువగా కనిపిస్తుంది. అందుకనే 1920 దశకంలో బీహారు, ఒరిస్సాల్లో హబ్బాక్ అనే అధికారి, తరువాత బెంగాలులో మహలనోబిస్, వ్యవసాయ పరిశోధన మండలిలో సుఖాత్మే, చేనులో ఎక్కడపడితే అక్కడ గాక చీటీ తీసినట్టు ఎంచుకున్న చోట కొద్దిపాటి జాగా కోసి తూచే పద్ధతిని నిలబెట్టారు. దానినే పంటకోత ప్రయోగం అంటున్నాం.

ఇది మీరు స్వయంగా చేయదగిన పనే. వరికి ఐదు మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు చదరం చాలు. నాలుగు మూలలా కర్రలు పాతి తాడు కట్టండి. దానిలోని దుబ్బులన్నీ కోసి, నూర్చి, తూర్పారబట్టి, ఆరబెట్టి తూచండి. ఎకరంలో ఇటువంటి చదరాలు సుమారు 162 పడతాయి. ఎండిన గింజ 14 కిలోలు తూగితే ఎకరాకు 2,268 కిలోలు, అనగా 75 కిలోల బస్తాలు ముప్ఫై. ఎనిమిది కిలోల ముప్పావు తూగితే పద్దెనిమిది, పంతొమ్మిది బస్తాలు. తడిగింజ తూచి సంబరపడవద్దు, నీళ్లకు ధర లేదు. చదరం ఎక్కడ వేయాలో మీరు ఎంచవద్దు, మీకు గిట్టనివాణ్ణి కూడా ఎంచనివ్వవద్దు. చేను పొడవున ఎన్ని అడుగులు, వెడల్పున ఎన్ని అడుగులు నడవాలో రెండు చీటీలు తీసి, అక్కడికి పోయి నిలబడండి. బాగా పడిపోయిన జాగా వచ్చినా, నిలబడివున్న జాగా వచ్చినా అదే చోటు. ఇట్లా రెండుమూడు చోట్ల కోస్తే చేను నిజం చెబుతుంది.

ఎప్పుడు కొలవాలనేది ఇంకొక ప్రశ్న. దీనికి పైరు వయసే జవాబు. పిలకలు పెట్టే దశలో మునిగిన వరి నీళ్లు తీసిన మర్నాడు చచ్చినట్టే కనబడుతుంది. వారం పదిరోజులు ఆగితే కొత్త ఆకు వేసినదీ, కుళ్లినదీ తేలిపోతాయి. పూత దశలో వాన కొడితే చేను పచ్చగా నిలబడే వుంటుంది, చూసినవారు “ఏమీ కాలేదే” అంటారు. పుప్పొడి కడుక్కుపోయిన సంగతి కోతనాడు తాలు రూపంలో బయటపడుతుంది. పాలుపోసుకునే వేళ పడిపోయిన పైరులో గింజ నిండదు. గింజ గట్టిపడ్డాక పడిపోతే గింజ వుంటుందిగాని నీళ్లలో నాని మొలకెత్తుతుంది, రంగు మారుతుంది. కనుక మొదటిరోజు కంటికి కనబడేది ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ. కబురు వెంటనే పంపండి, కొలత మాత్రం రెండుసార్లు పెట్టండి.

కొలిచేలోగా చేతులు ముడుచుకు కూర్చోమని కాదు సుమా! నీళ్లు కాలువలోకి తీయాలి. తడిసిన పనల మీద లీటరు నీటికి 50 గ్రాముల చొప్పున ఉప్పు కలిపి చల్లితే మొలక ఆగుతుంది. ఆ ఉప్పు ఖర్చూ, నీళ్లు తీసిన కూలీ కూడా నష్టం పద్దులో రాసుకోవలసినవే. చాలామంది ఇవి మరచిపోతారు.

ఇప్పుడు బస్తాలను రూపాయల్లోకి మారుద్దాం. 2023-24లో సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకు 2,183 రూపాయలు. 75 కిలోల బస్తాకు 1,637 చిల్లర. లెక్క సులువుకోసం 1,600 వేసుకుందాం. తక్కినవి ఉదాహరణకు అనుకున్న అంకెలు, మీ ఊరి ధరలు మీరు వేసుకోండి. ముప్ఫై బస్తాలు రావలసిన ఎకరంలో పద్దెనిమిది వచ్చాయి. పన్నెండు బస్తాలు పోయాయి గనుక 19,200 నష్టం అని ఆపేస్తారు చాలామంది. వచ్చిన పద్దెనిమిదీ రంగు మారి బస్తా 1,300కు పోయాయి. కాబట్టి 48,000 రావలసినచోట 23,400 వచ్చాయి. తేడా 24,600. పడిపోయిన చేను, అడుగున బురద. మామూలు మిషను దిగదు, గొలుసు మిషను తేవాలి, దానికి గంటలూ ఎక్కువ పడతాయి. కోతకు అదనం 3,500 అనుకుందాం. మొత్తం 28,100. తగ్గిన పన్నెండు బస్తాలకు హమాలీ, బండి కిరాయి 600 మిగిలాయి, అవి తీసివేయాలి. మిగిలిన ఖర్చును తీసివేయకపోతే మన లెక్కను ఎవరూ నమ్మరు. నికరంగా ఎకరాకు నష్టం 27,500. గడ్డి కుళ్లిపోయి పశువులకు మేత కొనవలసివస్తే అది ఇంకా వేరే.

ఇంతవరకూ చేను లెక్క. చేను లెక్క, మనిషి లెక్క ఒకటి కావు. డెల్టాలో చేను దున్నేవాడు చాలాచోట్ల కౌలురైతు. ఎకరాకు పదిహేను బస్తాలు మక్తా ఒప్పుకున్నాడనుకోండి. మంచి ఏడు ముప్ఫైలో పదిహేను మక్తాకు పోగా పదిహేను అతనివి. పద్దెనిమిదే పండిన ఏడు పదిహేనూ కొలిచి ఇస్తే మూడు మిగులుతాయి. చేనుకు నూటికి నలభై పోయింది, అతనికి నూటికి ఎనభై పోయింది. భూమి యజమానికి ఒక్క గింజ పోలేదు. విత్తనం, ఎరువు, నాట్లకూలి, అప్పుమీద వడ్డీ అన్నీ ఆ మూడు బస్తాలమీదే కూర్చుంటాయి.

ఇప్పుడు విస్తరణ సిబ్బంది సోదరులు ఒక్క క్షణం ఇటు వినాలి. విపత్తు సహాయనిధి నిబంధనల్లో 33 శాతం అనే గీత వుంది. అంతకు తక్కువ నష్టానికి పెట్టుబడి సాయం లేదు. ముప్ఫైకీ ముప్ఫైఅయిదుకూ తేడా గట్టుమీద నిలబడినవాడి కంటికి అందదు, కాని ఆ తేడాలోనే సాయం వుండడమూ లేకపోవడమూ తేలిపోతుంది. నూటికి ముప్ఫై పోయిన చేనులో ఇరవైఒక్క బస్తాలు వస్తాయి. మక్తా పోగా కౌలురైతుకు మిగిలేది ఆరు. అతని వాటాలో నూటికి అరవై పోయినట్టు, అయినా గీతకు అవతలే! గీత మార్చడం మీ చేతుల్లో లేదు. కాని రోడ్డువార చేలు చూసి ఊరంతటికీ ఒకే అంకె వేయకుండా లోపలి పల్లపు చేలదాకా నడవడం, చదరం కోసి తూచడం, సాగుచేసేవాడి పేరు రాయడం మీ చేతుల్లో వున్నాయి. బురదలో నడవడం కష్టమే, ఒప్పుకుంటాం.

కౌలుదారులకు మరొక మాట. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. దానికింద కార్డు కావాలంటే యజమాని సంతకం కావాలి. అక్కడే చిక్కు. సంతకం పెడితే భూమి పోతుందేమోనన్న భయం యజమానికి వుంది. ఆ కార్డు పదకొండు నెలలకే చెల్లుతుందని, భూమిమీద హక్కు మారదని పెద్దమనుషుల ఎదుట చెప్పి సంతకం అడగాలి. ఆ పని నాట్లనాడే చేయాలి. తుపాను వచ్చాక అడిగితే సంతకం దొరకడం మహాకష్టం. ఈ-పంట నమోదులో సాగుచేస్తున్నవారి పేరు ఎక్కిందో లేదో కూడా అప్పుడే చూసుకోవాలి.

చెట్ల తోటల లెక్క ఇంకొక రకం. వరి పోతే ఒక కారు పోతుంది. కొబ్బరిచెట్టు కూలితే ఏళ్లు పోతాయి. దేశవాళీ కొబ్బరి నాటిన ఆరేడేళ్లకుగాని కాపుకు రాదు, నిండు కాపుకు ఇంకా పట్టుతుంది. చెట్టుకు ఏడాదికి ఖర్చులు పోను 500 మిగిలేదనుకుంటే, ఎనిమిదేళ్లకు 4,000. దానిపై మొదలు పీకిన కూలి, మొక్క, నీరు కలపాలి. అమ్మిన దుంగ ధర తీసివేయాలి. కూలినది ముసలిచెట్టయితే ఈ లెక్క సగానికి దిగవచ్చు, అందుచేత చెట్ల సంఖ్యతోబాటు వయసు కూడా రాయాలి. నిలబడిన చెట్టుకు నష్టం లేదనుకోవద్దు. కొబ్బరిలో పూగెల బయటికి రావడానికి రెండేళ్లకు పైగా ముందే మొవ్వులో తయారవుతూ వుంటుంది. మొవ్వు మెలిపడిన చెట్టులో కాపు తగ్గడం మరుసటి ఏడు, ఆపై ఏడు కనబడుతుంది. కూలిన దుంగలు తోటలోనే కుళ్లితే కొమ్ముపురుగు వాటిలో పెరిగి మిగిలిన చెట్లమీద పడుతుంది. దుంగలు త్వరగా తీయించండి.

భూమికి తగిలే దెబ్బను కూడా మరవకూడదు. చేనులో ఇసుక, మట్టి మేట మూడంగుళాలు మించితే తీయించడానికి వేరే సాయం వుంది. మేట మందాన్ని కర్రగుచ్చి, కొలిచి, ఫొటో తీయించుకోండి. ఉప్పెన నీరు నిలిచిన భూమిని మంచినీటితో కడిగి, మట్టి పరీక్ష చేయించాకే విత్తనం సంగతి చూడాలి. ఉప్పు దిగని చేనులో మరుసటి కారు పండకపోతే అది కూడా ఈ తుపాను పద్దే. చనిపోయిన పశువును పూడ్చకముందే పశువైద్యుడికి చూపి కాగితం తీసుకోవాలి.

సాయం, బీమా, నష్టం మూడూ ఒకటనుకోవడం వల్ల చాలా కలతలు వస్తున్నాయి. 2022-26 కేంద్ర నిబంధనల్లో నీటిపారుదల పంటకు సాయం హెక్టారుకు 17,000 రూపాయలు, రెండు హెక్టార్లకు మించకుండా. ఎకరాకు సుమారు 6,880. మనం కట్టిన 27,500లో ఇది పావువంతు. మళ్లీ పంట పెట్టడానికి చేయూతగా ఇచ్చేది గనుక పంట ధరతో దానికి పోలిక లేదు. రాష్ట్రాలు తమ సొంతంగా కలిపి ఇవ్వడమూ కద్దు. ఫసల్ బీమాలో వరివంటి ముఖ్య పంటలకు సాధారణంగా ఊరి సగటు దిగుబడిని చూస్తారు, మీ ఒక్క చేను చూడరు. అయితే కోసి చేనులోనే ఆరబెట్టిన పంట పద్నాలుగు రోజుల్లోపు తుపాను వానకు పాడైతే విడిగా చూస్తారు. దానికి 72 గంటల్లో కబురు చేరాలి. బీమాలో ముందే పేరు వున్నవారికే ఇది వర్తిస్తుంది.

వీటన్నిటికీ ఒక నోటుపుస్తకం చాలు. సర్వే నంబరు, విస్తీర్ణం, విత్తిన తేదీ, పెట్టుబడి రసీదులు, గాలివాన రోజున పైరు ఏ దశలో వున్నదీ, నీళ్లు ఎన్నిరోజులు నిలిచినదీ, చదరం కోస్తే తూగినదెంతో, అమ్మిన ధర ఎంతో, అన్నీ తేదీలు వేసి రాయండి. పక్క చేను రైతుచేత సాక్షి సంతకం పెట్టించండి. అధికారులు తయారుచేసిన జాబితాను సచివాలయం దగ్గర అంటించిన రోజునే వెళ్లి పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం మూడూ సరిచూసుకోండి. తప్పుంటే అభ్యంతరం కాగితం మీద రాసి ఇచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకోండి. మీ పక్కింటి చదువురాని ముసలమ్మ పేరు కూడా చూసి, ఆమెకు చెప్పండి.