పాత బుల్లెట్టు దీపము ఏల మసకబారును?

మదరాసున తయారైన బుల్లెట్టు మోటారుసైకిళ్లలో పాతవి 6 వోల్టుల బ్యాటరీతో నడచునవి. చీకటిత్రోవలో దీపము మసకబారగానే జనులు బల్బును, పిదప బ్యాటరీని మార్చుచుందురు, వ్యర్థవ్యయము! నే నెఱిగినంతలో దోషము తరచుగా వేఱొకచోట నుండును.

దీపమునకు పోవు తీగ కంటి కగపడును. విద్యుత్తు మరలివచ్చు త్రోవకు వేఱు తీగ లేదు. ఇనుపచట్రమే యా పని చేయును. వ్యాకరణమున అధ్యాహారము వంటిదిది: పదము లేదు, అన్వయము మాత్రము కలదు. బ్యాటరీతీగ చట్రముతో కలియుచోట త్రుప్పుగాని రంగుగాని అడ్డుపడిన వెలుగు తగ్గును. 24 వాట్ల దీపము 6 వోల్టులకు 4 ఆంపియర్లు కోరును; అక్కడ పావు ఓము నిరోధమున్నను దాదాపు ఒక వోల్టు హరించిపోవును.

పరీక్ష సులభము. బ్యాటరీకి చట్రముతో చేరు కొననుండి విడితీగ నొకదానిని బల్బు హోల్డరు వెలుపలి లోహమునకు తాకింపుడు. వెలుగు హెచ్చెనా, దోషము చట్రపు త్రోవలోనిదే. అంతట బ్యాటరీని విడదీసి, ఆ కలయికను గరుకుకాగితముతో లోహము మెఱయువఱకు తోమి బిగించి, మరల త్రుప్పు పట్టకుండ పైన కొంచెము వాసెలిను పూయుడు.