నిద్రలో నడిచే తమ్ముడికి దెయ్యం పట్టలేదు

పడుకుని గంటన్నర అయ్యుంటుంది. తమ్ముడు మంచం దిగి, తలుపు దాకా వెళ్లి గొళ్లెం మీద చెయ్యి వేశాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. "ఎక్కడికిరా?" అని అమ్మ అడిగితే ఏదో గొణిగాడు. పొద్దున్నే అడిగితే "నేనసలు లేవనే లేదు" అన్నాడు. నానమ్మేమో తాయెత్తు కట్టించమంది.

పిల్లలూ, మీ ఇంట్లోనూ ఇలా జరిగితే హడలిపోకండి. వాడికి గాలి సోకలేదు, వాడు అబద్ధమూ ఆడలేదు.

నిద్ర రాత్రంతా ఒకే తీరుగా ఉండదు. రెప్పల కింద కనుగుడ్లు చకచకా కదిలే దశ ఒకటుందని 1953లో షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన ఏసరిన్‌స్కీ, క్లైట్‌మన్ ప్రకటించారు. అందుకోసం ఏసరిన్‌స్కీ తన ఎనిమిదేళ్ల కొడుకు ఆర్మండ్‌నే పరీక్షకు కూర్చోబెట్టాడు. పాపం, ఆ పిల్లాడు తలకు తీగలు అంటించుకునే నిద్రపోవాల్సి వచ్చింది! మనకు బాగా గుర్తుండే కలలు ఎక్కువగా ఆ దశలోనే వస్తాయి. అప్పుడు కండరాలు సడలిపోయి ఒళ్లు దాదాపు కదలదు. కాబట్టి తమ్ముడు కలలో చూసినదాన్ని చేస్తూ నడవలేదు.

వాడు లేచింది రాత్రి తొలిభాగంలో వచ్చే గాఢనిద్రలోంచి. ఇంటికి ఒక్క ఫేజే కరెంటు వస్తే ఫ్యాను తిరిగినా లైటు వెలగదు చూడండి, ఇదీ అంతే. మెదడులో కాళ్లూ చేతులూ ఆడించే భాగం మేలుకుంది, ఆలోచించి గుర్తుపెట్టుకునే భాగాలు ఇంకా నిద్రలోనే ఉన్నాయి. కొందరు పిల్లలు నడవరు గానీ, ఉన్నట్టుండి లేచి కేకలు పెడతారు. అదీ ఇలాంటిదే. పీడకల వేరు. అది ఎక్కువగా తెల్లవారుజామున వస్తుంది, లేచాక గుర్తుంటుంది.

నిద్ర చాలకపోయినా, జ్వరం వచ్చినా, మనసులో బెంగ ఉన్నా ఈ నడక ఎక్కువవుతుంది. చిన్నప్పుడు అమ్మో నాన్నో ఇలా నడిచి ఉంటే పిల్లలకూ వచ్చే అవకాశం ఎక్కువ. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. రాత్రి పదకొండు దాకా ఫోన్ చూస్తూ కూర్చుంటే అంత నిద్ర ఎక్కడి నుంచి వస్తుంది? చాలామందికి యుక్తవయసు వచ్చేసరికి ఈ నడక దానంతటదే పోతుంది. అయితే తరచూ నడుస్తున్నా, దెబ్బలు తగిలించుకుంటున్నా, గురకపెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టవుతున్నా డాక్టరుకు చూపించాల్సిందే.

నిద్రలో నడిచేవాళ్లను కుదిపి లేపొద్దు, అరవొద్దు. మెల్లగా చెయ్యి పట్టుకుని మంచం దగ్గరకు తీసుకెళ్లండి. అమ్మానాన్నలకు మాత్రం ఒక మాట చెప్పండి: ఎండాకాలంలో అందరూ డాబా మీద పడుకున్నా సరే, తమ్ముణ్ని మాత్రం కిందే పడుకోబెట్టాలి, తలుపుకు పై గడియ పెట్టాలి.