అజైల్: శ్రీహరికోట నుంచి ఎగిరిన గామా కన్ను

2007 ఏప్రిల్ 23, మధ్యాహ్నం మూడున్నర. శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ8 నింగికెగిరింది. రాకెట్ కాస్త బోసిగా ఉంది. మొదటి దశ చుట్టూ ఉండాల్సిన ఆరు బూస్టర్లు ఈసారి లేవు. మోయాల్సిన ప్రధాన ఉపగ్రహం బరువు 352 కిలోలే కాబట్టి వాటి అవసరం రాలేదు. ఆ ఉపగ్రహమే అజైల్, ఇటలీ అంతరిక్ష సంస్థ పంపిన గామా కిరణాల టెలిస్కోప్. ఒక విదేశీ ఉపగ్రహం కోసమే ఇస్రో చేపట్టిన తొలి వాణిజ్య ప్రయోగంగా దాన్ని మనం గుర్తుపెట్టుకున్నాం. కక్ష్యలోకి చేరాక ఆ చిన్న యంత్రం సాధించింది కూడా గుర్తుపెట్టుకోదగ్గదే.

గామా కిరణాలను భూమి వాతావరణం అడ్డుకుంటుంది. వాటిని నేరుగా పట్టాలంటే అంతరిక్షానికి వెళ్లాల్సిందే. 1991లో నాసా పంపిన కాంప్టన్ అబ్జర్వేటరీ ఆ పని చేసింది. అందులోని ఎగ్రెట్ అనే పరికరం బ్లేజార్లు అనే దూరపు గెలాక్సీలు గామా కాంతిలో ఉన్నట్టుండి భగ్గుమంటాయని చూపించింది. 2000 జూన్‌లో కాంప్టన్‌ను సముద్రంలో కూల్చేశారు. ఆ తర్వాత దాదాపు ఏడేళ్లపాటు, అంత అధిక శక్తి గల గామా కిరణాలను చూసే టెలిస్కోప్ కక్ష్యలో ఒక్కటీ లేదు. ఆ ఖాళీని నింపడానికే మార్కో తవానీ నాయకత్వంలో ఇటలీ శాస్త్రవేత్తలు అజైల్‌ను రూపొందించారు.

గామా కిరణాన్ని కటకంతో వంచలేం, మామూలు అద్దంతో ఒకచోటికి చేర్చలేం. అందుకే అజైల్‌లో అద్దాలు లేవు. సిలికాన్ పలకలు ఒకదానిమీద ఒకటి 12 అంతస్తులుగా ఉంటాయి. పై పది అంతస్తుల్లో పలుచని టంగ్‌స్టన్ రేకులున్నాయి. వచ్చిన గామా ఫోటాన్ టంగ్‌స్టన్‌లో మాయమై ఒక ఎలక్ట్రాన్, ఒక పాజిట్రాన్ పుడతాయి. ఆ జంట కిందికి దూసుకుపోతూ ఒక్కో సిలికాన్ పలకలో జాడ వదులుతుంది. ఆ జాడల్ని కలిపి గీత గీస్తే ఫోటాన్ ఏ దిక్కునుంచి వచ్చిందో తెలుస్తుంది. అడుగున ఉన్న సీసియం అయొడైడ్ కడ్డీలు శక్తిని అంచనా వేయడానికి తోడ్పడతాయి. చుట్టూ ఉన్న ప్లాస్టిక్ పలకలు విద్యుదావేశం గల కాస్మిక్ కణాలను పసిగట్టి, వాటిని లెక్కలోంచి తీసేయిస్తాయి. పరికరం మొత్తం దాదాపు 60 సెంటీమీటర్ల ఘనంలో ఇమిడిపోయింది. అయినా ఒకేసారి ఆకాశంలో ఐదో వంతును చూడగలిగేది.

ఇక బ్లేజార్ సంగతి. ఓ దూరపు గెలాక్సీ నడిమధ్యన కోట్లాది సూర్యుళ్ల బరువున్న కృష్ణబిలం ఉంటుంది. దానిలోకి పడే పదార్థంలో కొంత భాగం దాదాపు కాంతివేగంతో జెట్‌లా బయటికి చిమ్ముతుంది. ఆ జెట్ సరిగ్గా మనవైపే తిరిగి ఉంటే ఆ గెలాక్సీని బ్లేజార్ అంటాం. మనవైపు వస్తున్న వేగం వల్ల దాని వెలుగు ఎన్నో రెట్లు హెచ్చి కనిపిస్తుంది. జెట్‌లోని ఎలక్ట్రాన్లు మామూలు కాంతి కణాలను ఢీకొట్టి గామా స్థాయికి ఎగదోస్తాయని ఎక్కువమంది శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. ఎప్పుడు భగ్గుమంటుందో మాత్రం ఎవరూ ముందుగా చెప్పలేరు.

2007 జులైలో అజైల్ ఇంకా పరీక్షల దశలోనే ఉంది. 3సీ 454.3 అనే బ్లేజార్ మామూలు కాంతిలో బాగా ప్రకాశిస్తోందన్న కబురు అందింది. దాని కాంతి మనల్ని చేరడానికి 700 కోట్ల ఏళ్లకు పైగా పడుతుంది. శాస్త్రవేత్తలు ఉపగ్రహాన్ని అటు తిప్పారు. గామా కిరణాల్లోనూ అది వెలిగిపోతోంది.

2009 అక్టోబరులో పెద్ద దెబ్బ తగిలింది. ఉపగ్రహాన్ని కోరిన దిక్కున నిలిపి ఉంచే రియాక్షన్ వీల్ ఆగిపోయింది. ఇక ఎటూ గురిపెట్టి నిలపడం కుదరదు. అక్కడితో కథ ముగిసిపోయేదే, కానీ ఇంజనీర్లు ఒక దారి కనిపెట్టారు. సౌరఫలకాలను సూర్యుడివైపే ఉంచి, ఉపగ్రహాన్ని ఆ అక్షం మీద బొంగరంలా తిరగనిచ్చారు. ఏడు నిమిషాలకు ఒక చుట్టు, రోజుకు దాదాపు 200 చుట్లు. సూర్యుడి దిక్కు, దానికి సరిగ్గా ఎదురు దిక్కు తప్పిస్తే, ఆకాశంలో దాదాపు 80 శాతం రోజూ దాని చూపు కిందికి వచ్చింది. ఉపగ్రహం భూమిని చుట్టివచ్చిన ప్రతిసారీ కెన్యా తీరంలోని మలిండి కేంద్రం సమాచారాన్ని అందుకునేది.

ఎప్పుడు భగ్గుమంటాయో తెలియని వాటిని పట్టాలంటే ఇంతకంటే మంచి పద్ధతి లేదు. కొత్త పద్ధతి మొదలైన నెలలోపే, డిసెంబరు 2-3 తేదీల్లో, 3సీ 454.3 మళ్లీ భగ్గుమంది. 2010 నవంబరు 20న అంతకు మూడు రెట్లకు పైగా వెలిగింది. గామా ఆకాశంలో నిలకడగా వెలిగేవాటిలో మేటి అయిన వేలా పల్సార్‌ను ఆరు రెట్లకు పైగా దాటింది. ఆ ఉధృతి దాదాపు 12 గంటల వ్యవధిలో సాగింది. ఇంత త్వరగా మారే వెలుగు గెలాక్సీ అంతటా పుట్టదు, జెట్‌లోని ఓ చిన్న భాగంలోనే పుట్టాలి. ఆ చిన్న భాగాన్ని అంతగా వెలిగించేదేమిటన్న ప్రశ్న ఇప్పటికీ తేలలేదు.

ఎప్పుడూ మారదనుకుని ఇతర పరికరాలను సరిచూసుకోవడానికి వాడిన క్రాబ్ నెబ్యులా కూడా భగ్గుమంటుందని అజైల్ బృందం 2010 సెప్టెంబరులో ప్రకటించింది. ఆ ఆవిష్కరణకు తవానీకి, ఆయన బృందానికి 2012లో బ్రూనో రోసీ బహుమతి దక్కింది. 2017లో ఐస్‌క్యూబ్ అనే న్యూట్రినో పరిశీలన కేంద్రం పట్టిన న్యూట్రినో వచ్చిన దిక్కునే, టీఎక్స్ఎస్ 0506+056 అనే బ్లేజార్ గామా కాంతిని కూడా అజైల్ నమోదు చేసింది.

రెండేళ్లు పనిచేస్తే చాలనుకున్న యంత్రం దాదాపు పదిహేడేళ్లు పనిచేసింది. 2024 జనవరిలో దాని సేవలు ముగిశాయి, ఫిబ్రవరిలో వాతావరణంలోకి దిగి కాలిపోయింది. ఇప్పుడు ఈ గస్తీ భారం ప్రధానంగా 2008లో నాసా పంపిన ఫెర్మీ మీదే ఉంది. అది 4,300 కిలోల బరువైన, ఎంతో శక్తిమంతమైన టెలిస్కోప్, కానీ దాని వయసూ పైబడుతోంది. మనం చూడని రోజున వెలిగి ఆరిన మంటను మళ్లీ చూడలేం. ఫెర్మీ ఆగేలోగా దాని వారసుడు కక్ష్యలో ఉండాలి. అది కొండంత యంత్రమే కానక్కర్లేదని 352 కిలోల అజైల్ చేసి చూపించింది.