కణితి ఎక్కడ పుట్టింది?

నోటి క్యాన్సర్, గొంతు క్యాన్సర్ అంటే మనకు ముందుగా తట్టేది పొగాకు. అలా తట్టడంలో తప్పేమీ లేదు. 2022 గ్లోబోకాన్ అంచనాల ప్రకారం మన దేశంలో ఆ ఒక్క ఏడాదే కొత్తగా బయటపడిన పెదవి, నోటి క్యాన్సర్లు లక్షా 43 వేల పైచిలుకు. మగవాళ్లకు వచ్చే క్యాన్సర్లలో వీటిదే మొదటి స్థానం. 2016–17లో జరిగిన గ్లోబల్ అడల్ట్ టొబాకో సర్వేలో పెద్దవాళ్లలో 28.6 శాతం ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారని, 21.4 శాతం ఖైనీ, గుట్కా, జర్దా వంటి పొగలేని పొగాకుకు అలవాటు పడ్డారని తేలింది. బుగ్గ సందున గంటల తరబడి దాచిన ఖైనీ అక్కడి పొరనే తినేస్తుంది. ఉత్తరాంధ్ర తీరంలో, ముఖ్యంగా శ్రీకాకుళం, విశాఖ పల్లెల ఆడవాళ్లలో, చుట్టను తిరగేసి నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటు తరతరాలుగా ఉంది. దాన్నే అడ్డపొగ అంటారు. ఆ సెగ, ఆ పొగ నేరుగా అంగిలికి తగులుతాయి. మిగతా చోట్ల అరుదుగా కనిపించే అంగిలి క్యాన్సర్ అక్కడ తరచుగా కనిపించడానికి కారణం అదే. ఈ సంబంధం గురించి 1957లోనే వైద్య పత్రికలో వ్యాసం వచ్చింది. కాలిన చోటే కణితి లేచింది. తల, మెడ క్యాన్సర్లలో కణితి ఎక్కడ పుట్టిందన్నదే దాని కారణానికి మొదటి ఆచూకీ. ఆ ఆచూకీని మనం చివరిదాకా పట్టుకుని వెళ్లడం లేదన్నదే నా బాధ.

ఎందుకంటే అదే గొంతులో, వేలెడు దూరంలో, మరో కారణంతో మరో క్యాన్సర్ పుడుతోంది. అమెరికాలో పొగతాగడం తగ్గేకొద్దీ నోటి, స్వరపేటిక క్యాన్సర్లు తగ్గుతూ వచ్చాయి. టాన్సిల్స్‌లో, నాలుక మొదట్లో వచ్చేవి మాత్రం పెరిగాయి. రోగుల్లో చాలామంది మధ్యవయసు మగవాళ్లు, కొందరు సిగరెట్ ముట్టనే లేదు. పరిశోధకురాలు మౌరా గిలిసన్ బృందం 2000లో ఈ కణితుల్లో హ్యూమన్ పాపిలోమా వైరస్ (హెచ్‌పీవీ) పాత్రను బలంగా చూపింది. అందులోనూ 16వ రకానిదే పెత్తనం. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కణితిలో 1983లో హరాల్డ్ జుర్ హౌజెన్ గుర్తించిన రకమే ఇది. 2011లో వెలువడిన మరో అమెరికా అధ్యయనం భద్రపరిచిన పాత కణితి ముక్కలను తిరిగి పరీక్షించింది. 1984–89 మధ్య ఈ భాగపు క్యాన్సర్లలో 16 శాతంలోనే ఉన్న వైరస్, 2000–04 నాటికి 72 శాతంలో కనిపించింది. ఇది టాన్సిల్‌నే ఎందుకు ఎంచుకుంటుందంటే, టాన్సిల్ నునుపైన గడ్డ కాదు. దాని పైపొర మడతలు పడి సన్నని లోతైన గుంటలుగా లోపలికి దిగుతుంది. ఆ గుంటల అడుగున పొర పలచన. అక్కడ చేరిన వైరస్ తయారుచేసే ఈ6 ప్రొటీన్ కణానికి కాపలా కాసే పీ53ను నాశనం చేస్తుంది, ఈ7 ప్రొటీన్ ఆర్‌బీ అనే మరో కాపలాను పనిచేయనివ్వదు. పొగాకు ఏళ్ల తరబడి జన్యువులను చెడగొట్టి సాధించేదాన్ని వైరస్ రెండు ప్రొటీన్లతో సాధిస్తుంది.

అది అమెరికా సంగతి, మనకెందుకు అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. 29 దేశాల నమూనాలతో 2016లో వచ్చిన అధ్యయనం టాన్సిల్, నాలుక మొదలు ఉండే భాగపు క్యాన్సర్లలో వైరస్ వాటాను 22 శాతంగా, నోటి క్యాన్సర్లలో 4 శాతంగా లెక్కగట్టింది. మన దగ్గర అత్యధికం నోటివే కనుక మొత్తం మీద పొగాకు, వక్కల భారమే ఎక్కువ. వైరస్ పేరు చెప్పి గుట్కా వ్యాపారాన్ని తేలిగ్గా చూడటం ఘోరం. కానీ వాటా చిన్నదని పరీక్ష మానేయడమూ తప్పే. 2010లో వచ్చిన ఒక ప్రసిద్ధ అధ్యయనంలో మూడేళ్ల తర్వాత బతికున్నవారు వైరస్ ఉన్న కణితుల రోగుల్లో 82 శాతం, లేనివారిలో 57 శాతం. అదే అధ్యయనంలో, వైరస్ ఉన్నా ఎక్కువగా పొగతాగినవారికి ఆ మేలు తగ్గింది. మనవాళ్లలో రెండూ కలిసే అవకాశం ఎక్కువ కాబట్టి పాశ్చాత్య దేశాల ధీమాను అలాగే దిగుమతి చేసుకోకూడదు. కణజాలంలో వైరస్‌ను పరోక్షంగా సూచించే పీ16 ప్రొటీన్ పరీక్ష ఒక్కటే చాలదు, వైరస్ డీఎన్‌ఏ లేదా ఆర్‌ఎన్‌ఏ కూడా చూడాలి. కేసు షీటులో ‘గొంతు క్యాన్సర్’ అని ఒక్కమాటలో రాసి వదిలేస్తే టాన్సిల్‌దో, స్వరపేటికదో, అన్నవాహిక పైభాగానిదో తెలియదు. ఏది పెరుగుతోందో, ఏది తగ్గుతోందో ఏ రిజిస్ట్రీ చెప్పగలదు?

నివారణ దగ్గర ఈ తేడా మరీ కీలకం. గర్భాశయ ముఖద్వారానికి పాప్ పరీక్ష ఉంది, ముందే పట్టుకోవచ్చు. నోట్లో తెల్లమచ్చ, మానని పుండు అద్దంలోనైనా కనిపిస్తాయి. టాన్సిల్ గుంటల అడుగున మొదలయ్యే మార్పును ముందే పట్టే స్క్రీనింగ్ పరీక్ష లేదు. అందుకే ఇక్కడ హెచ్‌పీవీ టీకా విలువ ఎక్కువ. కోస్టారికాలో జరిగిన ఒక ప్రయోగంలో టీకా వేయించుకున్న యువతుల నోళ్లలో నాలుగేళ్ల తర్వాత 16, 18 రకాల వైరస్ 93 శాతం తక్కువగా కనిపించింది. క్యాన్సర్ తగ్గిందని నేరుగా చూపడానికి ఇంకా దశాబ్దాలు పడుతుంది, అది ఒప్పుకోవాల్సిందే. కానీ వైరస్ చేరని చోట వైరస్ క్యాన్సర్ పుట్టదు.

తెలుగు నేల మీద ఈ టీకా మాటెత్తితే ఖమ్మం గుర్తొస్తుంది, రావాలి కూడా. 2009లో అక్కడ బాలికలపై చేపట్టిన హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టును కొందరి మరణాల తర్వాత 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. అయితే తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్లు అంగీకార పత్రాలపై సంతకాలు చేశారన్నది నిజం. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఆ తీరును తీవ్రంగా తప్పుబట్టింది. గిరిజన హాస్టల్ పిల్లల విషయంలో అడగాల్సినవాళ్లను అడగకుండా సూది వేయడం క్షమించరానిది. ఆ తప్పు జరిగింది అంగీకారం దగ్గర, టీకా మందులో కాదు. దానికి విరుగుడు తల్లిదండ్రులకు వాళ్ల భాషలో చెప్పి, అడిగి, వేయడమే. టీకానే దూరం పెడితే ఆ పిల్లలకే మళ్లీ అన్యాయం చేసినట్టు.

మరో సంకోచం, హెచ్‌పీవీ శారీరక సంబంధంతో అంటుకునే వైరస్ అన్నది. పెద్దవాళ్లలో అత్యధికులకు ఎప్పుడో ఒకప్పుడు సోకేదే ఇది, చాలామందిలో ఒకటి రెండేళ్లలో దానంతటదే పోతుంది. ఇవాళ బయటపడ్డ క్యాన్సర్‌కు కారణమైన వైరస్ ఇరవై ముప్పై ఏళ్ల కిందట చేరి ఉండవచ్చు. రోగి నడవడిక మీద, భార్యాభర్తల నమ్మకం మీద తీర్పు చెప్పడానికి అది ఆధారం కాదు. టీకాను ఆడపిల్లల వ్యవహారంగా చూడటమూ మానాలి. ఈ గొంతు క్యాన్సర్ మగవాళ్లలోనే ఎక్కువ. ఆస్ట్రేలియా 2013 నుంచి, బ్రిటన్ 2019 నుంచి బడుల్లో మగపిల్లలకూ వేస్తున్నాయి.

మెడ పక్కన నొప్పిలేని గడ్డ కనిపించి మూడు వారాలైనా పోకపోతే, నాకు చుట్టా బీడీ అలవాటు లేదుగా అని ఊరుకోకండి. ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి, ముక్క పరీక్షకు పంపితే వైరస్ కోసం కూడా చూడమని అడగండి. తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల పిల్లలున్న తల్లిదండ్రులు కూతురి టీకా గురించి అడిగే రోజున కొడుకు గురించీ అడగండి.